నూనెకు పేరొక్కటే, గుణములు వేరు

మన కుటుంబములలో చిన్న ట్రాక్టరు నేడు వింత వస్తువు కాదు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల మామిడితోటలలోను, కోలారు మల్బరీ చాళ్ళలోను, షోలాపూరు దానిమ్మతోటలలోను, గంగావతి, సింధనూరు కాలువల క్రింది మాగాణులలోను ముప్పది అశ్వశక్తులకు లోపలి బండ్లు తిరుగుచున్నవి. అవి ఇరుకైన చాలున దూరిపోవును. డీజిలు తక్కువ త్రాగును. పెద్ద బండి తిరుగలేని చిన్న కమతమున సులువుగా మళ్ళును. ఎద్దుల జతను పోషింపజాలని ఇల్లు బ్యాంకున అప్పుచేసి యొక చిన్న ట్రాక్టరును కొనుక్కొనుచున్నది. కొనునపుడు పదిమందిని విచారింతుము, నాలుగు అంగళ్ళు తిరుగుదుము, మంచిదినము చూతుము, కొబ్బరికాయ కొట్టుదుము. కాని ఆ యంత్రమున పోయు నూనెను మాత్రము అంగడివాని నోటిమాటపై కొనుచున్నాము.

ఈ వారము మేము ప్రస్తావింపదలచినది ఆ నూనెను గూర్చియు, దానిని వడపోయు ఫిల్టరును గూర్చియును. భాషాసంఘము వారి పత్రికకు ట్రాక్టరు నూనెతో నేమి పని యని కొందరు పాఠకులు నవ్వవచ్చును. పని కలదు, అది ఈ వ్యాసము చివరకు వచ్చుసరికి వారికే తెలియగలదు.

మా అభిప్రాయమును ముందే చెప్పుదుము. ట్రాక్టరులో నేది పోయవలయునో నిర్ణయింపవలసినది ఆ యంత్రముతో వచ్చిన పుస్తకము. అంగడివాడు కాదు, డబ్బామీది బొమ్మ కాదు, పొరుగువాని అనుభవమును కాదు. ఆ పుస్తకములోని గుర్తులు డబ్బామీద ఉన్నవా లేవా యని చూచుకొనుటయే కొనువాని పని. గుర్తులు సరిపోయినచో ఏ నమ్మకమైన సంస్థ నూనెయైనను మంచిదే. సరిపోనిచో ఎంత పేరుగన్న సంస్థ నూనెయైనను ఆ యంత్రమునకు పనికిరానిదే.

అసలు చిక్కంతయు 'నూనె' యను మాటయందే కలదు. నువ్వుల నెయ్యి నూనె యైనది. తమిళుల 'ఎణ్ణెయ్', కన్నడిగుల 'ఎణ్ణె' కూడ నువ్వులను దెలుపు 'ఎళ్ళు' అను మాటనుండియే పుట్టినవి. ఒక గింజ రసమునకు పెట్టిన పేరు కాలక్రమమున ఆముదమునకును, కొబ్బరినూనెకును, తుదకు కిరోసినునకును ప్రాకినది. అయినను పేరొక్కటి గదా యని ఏ ఇల్లాలును ఆముదముతో పోపు పెట్టదు. వంటయింట మనకుగల ఈ వివేకము ట్రాక్టరు కొట్టము దగ్గర లోపించుచున్నది. అచ్చట 'ఆయిలు' అను నొక్క మాటతో వ్యవహారమంతయు నడచుచున్నది.

చిన్న ట్రాక్టరులో వేరువేరు పనులకు వేరువేరు నూనెలు కలవు. మొదటిది ఇంజను నూనె. రెండవది గేరుపెట్టెకును, డిఫరెన్షియలునకును, వెనుక లిఫ్టునకును కలిపి యుండు నూనె. మూడవది, ముందు చక్రములు కూడ లాగు నాలుగు చక్రముల బండ్లలో ముందు ఇరుసున పోయునది. కొన్ని బండ్లలో పవర్ స్టీరింగునకు వేరుగా చిన్న తొట్టి యుండును. గాలిని నూనెలో నుంచి వడకట్టు పాతరకపు గాలి ఫిల్టరు గల బండ్లలో దాని గిన్నెకును నూనె కావలయును. వీనిలో దేనికేది యన్నది యంత్రమును బట్టి మారును. కావున "మా పొరుగువారి బండికి ఇదే పోసిరి" అను మాటకు, పొరుగువారి బండియు మన బండియు ఒకే నమూనావి కానిచో, విలువ లేదు.

ఇంజను నూనె సంగతి ముందు చూతము. డబ్బామీద రెండు విధములైన గుర్తులుండును. ఒకటి చిక్కదనమును, ఇంకొకటి నాణ్యతను దెలుపును. మనవారిలో పెక్కురు మొదటిదానిని మాత్రమే చూచి రెండవదానిని విడిచిపెట్టుచున్నారు.

చిక్కదనపు గుర్తు 15డబ్ల్యు-40, 20డబ్ల్యు-40 అను రీతిగ నుండును. డబ్ల్యు యనగా శీతకాలము. దాని ముందరి అంకె చలిలో ఇంజను తిరుగుటకు నూనె ఎంతమాత్రము అడ్డురాకుండునో తెలుపును. 15డబ్ల్యు నూనెకు ఈ పరీక్షను సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలో చేయుదురు. 20డబ్ల్యు నూనెకు సున్నకు దిగువ 15 డిగ్రీలలో చేయుదురు. మన దక్షిణదేశమున అట్టి చలి లేదు. కనుక మనకు ముఖ్యమైనది రెండవ అంకె. అది ఇంజను కాగిన పిమ్మట, 100 డిగ్రీల వేడిలో నూనె ఎంత చిక్కగా నిలుచునో తెలుపును. 40 అను అంకెగల నూనె ఆ వేడిలో 12.5 మొదలు 16.3 సెంటిస్టోకుల లోపల నుండవలయును. 30 అంకెగల నూనె అంతకంటె పలుచన. ఏప్రిలు ఎండలో రోటవేటరు లాగు బండికి పుస్తకము 40 కోరగా 30 పోయుట, బరువైన బండి ఇరుసునకు నీళ్ళవంటి నూనె రాచినట్లుండును. మరి చిక్కనిది మంచిదని 50 పోయుటయు సరికాదు. చిక్కని నూనె సన్నని దారులలోనికి ఆలస్యముగ చేరును. ఉదయమున బండి తీయగానే కలుగు అరుగుదల ఎక్కువగును.

రెండవది నాణ్యతా గుర్తు. అమెరికా పెట్రోలియం సంస్థ, అనగా ఏ.పి.ఐ. వారు, ఏర్పరచిన అక్షరములివి. 'ఎస్' తో మొదలగునవి పెట్రోలు ఇంజనులకు. 'సి' తో మొదలగునవి డీజిలు ఇంజనులకు. డీజిలు వర్గమున సి.ఎఫ్-4 1990లోను, సి.హెచ్-4 1998లోను, సి.ఐ-4 2002లోను, సి.కె-4 2016లోను వచ్చినవి. అక్షరము ముందునకు పోయినకొలది మసిని కరగించి పట్టియుంచు శక్తి, వేడికి తట్టుకొను గుణము హెచ్చును. సామాన్యముగ క్రొత్త అక్షరము పాతదాని స్థానమున పనికివచ్చును. పుస్తకము సి.హెచ్-4 కోరినచో సి.ఐ-4 పోయుట తప్పు కాదు, సి.ఐ-4 కోరిన ఇంజనులో సి.ఎఫ్-4 పోయుట తప్పు. అయితే 'ఎఫ్.ఏ-4' అను గుర్తుతో 2016లోనే వచ్చిన మరియొక నూనె కలదు. అది క్రొత్తరకపు లారీ ఇంజనుల కొరకు చేసిన పలుచని నూనె. క్రొత్తది గదా యని దానిని మన ట్రాక్టరులో పోయరాదు.

ఈ రెండవ గుర్తును విడిచిన నేమగునో ఒక దృష్టాంతము చూపుదుము. మోటారుసైకిలు నూనె డబ్బామీదను 20డబ్ల్యు-40 అనియే యుండును. ట్రాక్టరు నూనె డబ్బామీదను 20డబ్ల్యు-40 అనియే యుండవచ్చును. అంకె యొక్కటే. కాని మోటారుసైకిలు నూనె పెట్రోలు ఇంజనునకును, దాని నూనెలో మునిగియుండు క్లచ్చికిని తగినట్లు కూర్చబడినది. డీజిలు ఇంజనులో పుట్టు మసి భారమునకై అది చేసినది కాదు. ఇంటిలో సగము మిగిలియున్న మోటారుసైకిలు నూనెను చూచి "అంకె కుదిరినది" యని ట్రాక్టరులో పోయువారు ఈ భేదమును గమనింపవలయును. చాల డబ్బాలమీద గుండ్రని ఏ.పి.ఐ. ముద్ర యుండును. దాని పైభాగమున నాణ్యతాక్షరములు, నడుమ చిక్కదనపు అంకెలు ముద్రించుదురు. ఆ రెంటిని చూచుటకు క్షణకాలము చాలును.

ఇక గేరుపెట్టె, లిఫ్టు నూనె. ఇంజను నూనెకంటె దీనియందే పొరపాట్లు హెచ్చు. పాత ట్రాక్టరులలో చాలవాని బ్రేకులు పొడిబ్రేకులు. నూనె వానికి తగులరాదు. కనుక గేరుపెట్టెలో చిక్కని గేరునూనె పోసినను బ్రేకులకు హాని లేకుండెను. నేటి చిన్న ట్రాక్టరులలో పెక్కింటి బ్రేకులు నూనెలో మునిగియుండును. అదే నూనె గేరుల పండ్లను కాపాడవలయును. లిఫ్టు పంపు గుండ పోయి నాగలిని ఎత్తవలయును. బ్రేకు పలకల నడుమ తగినంత రాపిడిని నిలుపవలయును. ఒకే పాత్రలో మూడు పాత్రల ధర్మము. మరీ జారుడైన నూనె పోసినచో బ్రేకు జారును. తగిన రసాయనము లేని నూనె పోసినచో బ్రేకు నొక్కినపుడు బండి వణకి కూతపెట్టును. మరీ చిక్కని నూనె పోసినచో తెల్లవారుజామున లిఫ్టు లేవక మొరాయించును. ఈ మూడు పనులకు కలిపి చేసిన నూనెను వర్తకములో యు.టి.టి.ఓ. అందురు. ఇందునను ఒక్కొక్క తయారీదారునకు ఒక్కొక్క గుర్తు కలదు. జాన్ డీర్ వారి గుర్తు జె20సి; కుబోటా వారిది యు.డి.టి. ఇట్టి గుర్తును పుస్తకమున చూచి, డబ్బామీద వెదకవలయును. "90 నంబరు గేరాయిలు పోయుము, లారీకి పోయుట లేదా" అను మాటను విని నూనెలో మునిగిన బ్రేకుల బండిలో దానిని పోసినచో, ఆ బ్రేకులు చెడిన నాడు లారీవాడు వచ్చి బాగుచేయడు.

గుర్తులను చదువుటయందును ఒక జాగ్రత్త కావలయును. అమెరికా దేశమున జరిగిన ఉదంతము దీనికి నిదర్శనము. జాన్ డీర్ ట్రాక్టరులకు పూర్వము '303' అను గుర్తుగల నూనె యుండెడిది. అందు తిమింగిలపు నూనె కలిపెడివారు. 1970ల ఆరంభమున ఆ దేశమున తిమింగిలపు నూనె నిషిద్ధము కాగా ఆ గుర్తు రద్దై, వేరు గుర్తులు వచ్చెను. కాని రద్దైన ఆ అంకెను డబ్బాలపై ముద్రించి చవుకగా నూనె అమ్ము ఆచారము అటుపిమ్మట దశాబ్దముల పర్యంతము సాగెను. ఆ నూనె ఏ జీవించియున్న ప్రమాణమునకును బద్ధము కాదు. దానిని వాడినందున యంత్రములు చెడినవని రైతులు న్యాయస్థానములకు పోయిరి. మిస్సోరీ రాష్ట్రాధికారులు అట్టి నూనె అమ్మకమునకు అడ్డుపడిరి. 2020లో పెక్కు వ్యాజ్యములు ఒకే న్యాయస్థానము క్రిందికి చేర్చబడెను. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చిన రైతులే అంకెను చూచి మోసపోయిరనగా, అంకె యుండుట చాలదు, అది నేటికిని చెల్లుబాటగు అంకె కావలయునని తెలియుచున్నది. మన పుస్తకములోని గుర్తుకును డబ్బామీది గుర్తుకును అక్షరమక్షరమును సరిచూచుట ఇందుకే.

ఫిల్టరుల సంగతి నూనెకంటె సులభముగ కనబడును. నిజమునకు అంత సులభము కాదు. "మర కుదిరినది, బిగిసినది" యనగానే మనవారు తృప్తిపడుచున్నారు. ఇంజను నూనె ఫిల్టరు డొక్కులోపల కాగితపు మడతలు మాత్రమే లేవు. నూనె చల్లగానున్నపుడును, ఫిల్టరు నిండిపోయినపుడును ఇంజను ఎండిపోకుండ దారి విడుచు చిన్న కవాటమొకటి చాలవానియందుండును. బండి ఆపిన పిమ్మట నూనె వెనుకకు జారిపోకుండ పట్టు రబ్బరు పలకయు పెక్కింట నుండును. ఈ రెండును బండికి తగినట్లుండవలయును. పైకి ఒకే ఎత్తు, ఒకే రంగు గల రెండు ఫిల్టరులలో ఇవి వేరువేరుగ నుండవచ్చును.

మరయందే ఒక ప్రమాదము దాగియున్నది. కొన్ని ఇంజనులలో ఫిల్టరు కూర్చుండు బొడిపె ముప్పాతిక అంగుళము, అంగుళమునకు 16 చుట్లు. కొన్నిటిలో 20 మిల్లీమీటరులు, ఒకటిన్నర మిల్లీమీటరు చుట్టు. ముప్పాతిక అంగుళమనగా 19.05 మిల్లీమీటరులే. కనుక 20 మిల్లీమీటరుల ఫిల్టరు ఆ బొడిపెపై వదులుగా కూర్చుండి బిగిసినట్లే కనబడును. నూనె ఒత్తిడి హెచ్చినపుడు, పొలము నడుమ, అది ఊడిపోవచ్చును. నిమిషములో నూనెయంతయు నేలపాలగును. నూనె లేని ఇంజను ఎంతసేపు నిలుచును? కావున ఫిల్టరును ఆకారము చూచి కాక, పుస్తకములోని భాగసంఖ్యను బట్టి గాని, నమ్మకమైన ఫిల్టరు సంస్థ తన పట్టికలో ఆ నమూనా ట్రాక్టరునకు ఎదురుగ వ్రాసిన సంఖ్యను బట్టి గాని కొనవలయును. పాత ఫిల్టరు తీసినపుడు దాని రబ్బరు చక్రము ఇంజనుకే అంటుకొని మిగిలినదేమో తడిమి చూడవలయును. రెండు రబ్బరులు పడినచో కారుట తప్పదు. క్రొత్త రబ్బరునకు నూనె రాచి, అది ఆనిన పిమ్మట చేతితోనే ముప్పాతిక చుట్టు బిగించుట సామాన్యమైన పద్ధతి.

గాలి ఫిల్టరు మన పొలములలో అన్నిటికంటె కష్టపడు భాగము. ఎండకాలపు దుక్కిలోను, నూర్పిళ్ళలోను లేచు ధూళిలో ఇసుక కలదు. అది ఇంజనులోనికి పోయినచో సిలిండరును ఆకురాయివలె అరుగదీయును. ఎంత మంచి నూనె పోసినను ఆ అరుగుదలను ఆపలేదు. కాగితపు ఫిల్టరును బండకు కొట్టి దులుపుట, టైరులకు గాలి పట్టు యంత్రముతో పూర్తి ఒత్తిడిని పైనుండి కొట్టుట, నీళ్ళలో ఉతికి ఎండబెట్టి తిరిగి పెట్టుట — ఇవి మూడును తరచుగ జరుగు తప్పులు. గాలిని తక్కువ ఒత్తిడితో లోపలినుండి వెలుపలికి పట్టవలయును. మడతలో చిన్న చినుగు కనబడినను మార్చవలయును. నూనె గిన్నెగల ఫిల్టరులో గుర్తువరకే నూనె పోయవలయును. ఎక్కువ పోసినచో ఇంజను దానిని పీల్చుకొనును.

డీజిలు ఫిల్టరును కూడ మరువరాదు. 2020 ఏప్రిలు 1 నుండి దేశమంతట అమ్ముచున్న బి.ఎస్.-6 డీజిలులో గంధకము పదిలక్షలకు పది వంతులు మించదు. ఇది ఇంజనునకు మేలే. కాని ఊరిలో పీపాలలో నిలువయుంచిన డీజిలున నీరు చేరుటకు ఈ శుద్ధి అడ్డము కాదు. ఫిల్టరు అడుగున నీరు దింపు మరగల బండ్లలో దానిని పుస్తకము చెప్పినన్ని దినములకు విప్పి నీరు దింపవలయును.

ఎపుడు మార్చవలయును? పంట ముగిసినపుడు కాదు, పండుగ వచ్చినపుడును కాదు. గంటల మీటరును చూచి. చాల క్రొత్త బండ్లకు మొదటి మార్పు 50 గంటలకే యుండును. క్రొత్త గేరులు ఒండొంటితో ఒరసికొని రాల్చిన ఇనుపరజను ఆ మొదటి నూనెతో వెలుపలికి పోవలయును. గేరుపెట్టె ఫిల్టరును అప్పుడే మార్చవలసిన బండ్లు కలవు. పిమ్మటి గడువులు నమూనాను బట్టి మారును. దమ్ము చేయు గంగావతి రైతులును, యానాం లంకల రైతులును ఒక సంగతి గమనింపవలయును. గేరుపెట్టె నూనె పాలవలె తెల్లబడినచో నీరు చేరినదని అర్థము. గడువు రాలేదని ఊరకుండరాదు. ఇంజను నూనె నల్లబడుట మాత్రము భయపడవలసిన గుర్తు కాదు. డీజిలు ఇంజనులో నూనె మసిని పట్టి నల్లబడుటయే దాని పని చేయుచున్నదనుటకు సాక్ష్యము. కొలతపుల్ల మీద నూనె మట్టము పోయకుండగనే పెరుగుచున్నచో, డీజిలు గాని నీరు గాని అందు కలియుచున్నదని అనుమానింపవలయును.

ఇక వెల మాట. కొందరు డీలరులు తమ సంస్థ ముద్రగల నూనె తప్ప వేరొకటి పోసినచో బండి చెడునని భయపెట్టుచున్నారు. కొన్ని అంగళ్ళవారు "అన్నియు ఒకే కొలిమిలోనివే" యని చవుక డబ్బాను అంటగట్టుచున్నారు. ఈ ఇరువురి మాటయు మాకు సమ్మతము కాదు. పుస్తకము కోరిన గుర్తు యథార్థముగ గల నూనె ఏ ముద్రతో వచ్చినను యంత్రము దానిని బేధింపదు. కాని గుర్తు లేని నూనెలో మిగిలిన రూపాయలు ఒక్క లిఫ్టు పంపు మరమ్మతుతో పోవును. వారంటీ గడువులో నున్నవారు మాత్రము దాని షరతులను ముందు చదువుకొనవలయును. ఏ నూనె పోసినను రసీదు తీసికొని, మార్చిన తేదీ, గంటలు వ్రాసియుంచవలయును. విడిగా పీపానుండి కొలిచి అమ్ము నూనెకు గుర్తు లేదు, సాక్షి లేడు. దానిని కొనకుండుటయే మేలు. ఖాళీ డబ్బాను మూతతో సహా పాతసామానుల వానికి అమ్మినచో అదే డబ్బా నకిలీ నూనెతో తిరిగి మన ఊరికే రావచ్చును. దానికి రంధ్రము పొడిచి యిచ్చుట మన చేతిలోని పని.

ఇప్పుడు భాష మాటకు వత్తుము. పొట్లములో అమ్ము వస్తువులపై వివరములను హిందీలో గాని ఇంగ్లీషులో గాని ముద్రింపవలయుననియు, ఇతర భాషలను అదనముగ వాడవచ్చుననియు 2011 నాటి పొట్లపు వస్తువుల నిబంధనలు చెప్పుచున్నవి. అనగా డబ్బామీద తెలుగు లేకుండుట అక్రమము కాదు. కన్నడము, తమిళము, ఒడియా లేకుండుటయు అక్రమము కాదు. ఇది మన యొక్కరి కష్టము కాదు, ఇరుగుపొరుగు రైతులందరి కష్టము. అయితే మన ఇండ్లలో అదనపు చిక్కొకటి కలదు. ట్రాక్టరు నడుపు పెద్దవాడు తెలుగు మాటలాడును. కొందరు చదువుదురు, కొందరికి ఆ చదువును అందలేదు. బడికిపోవు పిల్లలు తమిళమో, కన్నడమో, మరాఠీయో, ఇంగ్లీషో చదువుదురు. బండితో వచ్చిన పుస్తకము పెట్టె అడుగున నుండును. నడుపువాడు చదువలేడు, చదువగలవాడు నడుపడు. ఈ రెంటి నడుమ నున్న ఖాళీలో అంగడివాని నోటిమాట కూర్చున్నది.

దీనికి మేము సూచించు ఉపాయము చిన్నది. ప్రతి ట్రాక్టరునకు ఇంటిలో ఒక్క పుట వ్రాసికొనవలయును. అందు బండి నమూనా, ఇంజను సంఖ్య. ఇంజను నూనె చిక్కదనము, నాణ్యతాక్షరములు, ఎన్ని లీటరులు. గేరుపెట్టె నూనె గుర్తు, ఎన్ని లీటరులు. ముందు ఇరుసు నూనె. నూనె, డీజిలు, గాలి, హైడ్రాలిక్ ఫిల్టరుల భాగసంఖ్యలు. ఏది ఎన్ని గంటలకు మార్చవలయునో — ఇంతే. ఒక ప్రక్క తెలుగున, రెండవ ప్రక్క ఆ రాష్ట్రపు భాషలో వ్రాయవలయును. తెలుగు ప్రక్క ఇంటివారికి, రెండవ ప్రక్క మేస్త్రీకి. గుర్తులను మాత్రము డబ్బామీద ఎట్లున్నవో అట్లే దిద్దవలయును. పుస్తకము చదువగలిగిన కొడుకో కూతురో దగ్గర కూర్చుండి చదువగా పెద్దలు వ్రాసికొందురు గాక; పెద్దలకు వ్రాత రానిచో పిల్లలే తెలుగున వ్రాయుదురు గాక. తెలుగు అక్షరములు మరచుచున్న పిల్లలకు ఇంతకంటె ప్రయోజనముగల దస్తూరి మరియేది?

మన సంఘపు శాఖలు కూడ ఇందు పూనుకొనవచ్చును. ఒక ఊరిలో తరచుగ నున్న నాలుగైదు నమూనాలకు ఇట్టి పుటలను సిద్ధపరచి, పుస్తకముతో సరిచూచి, శాఖ కార్యాలయమున తగిలింపవచ్చును. పక్కింటి కన్నడ రైతునకో, ఒడియా రైతునకో ఆ పుట కావలసినచో ఆదరముతో ఈయవలయును. మన భాషలో మనము వ్రాసికొన్నది ఇతరులకు కూడ ఉపయోగపడినపుడే ఆ భాషకు ఊరిలో గౌరవము పెరుగును. ట్రాక్టరు తయారుచేయువారిని కూడ మనము అడుగవచ్చును. తెలుగు రాష్ట్రములలో అమ్ముటకు తెలుగు పుస్తకమును ముద్రించిన సంస్థ, దాని ప్రతిని హోసూరులోనో బళ్ళారిలోనో కోరిన కొనుగోలుదారునకు ఇచ్చుటకు కష్టమేమి? వ్రాసి అడుగుదము. అడుగుటకు ముందు మాత్రము మన ఇంటి పుటను మనము వ్రాసికొందము.

మార్చిన పాత నూనెను గూర్చి ఒక్క మాట. దానిని కాలువలోనో, బావిగట్టుననో పారబోయుట నేరమును, పాపమును కూడ. వాడిన నూనె 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నిబంధనల క్రిందికి వచ్చును. దానిని తిరిగి సేకరించి శుద్ధిచేయించు బాధ్యతను 2024 ఏప్రిలు నుండి తయారీదారులపై కూడ ప్రభుత్వము మోపినది. మూతగల డబ్బాలో పోసి, సేకరించు వారికి చేర్చు సర్వీసు కేంద్రమున అప్పగింపవలయును. మన నూనె మన బావి నీటిలో కలిసి మన కుండలోనికే వచ్చును గదా.

ట్రాక్టరు అప్పు ఐదారేండ్లు కట్టుదుము. అప్పు తీరిన నాటికి బండి బాగుగ నున్నచో ఆ పిమ్మటి సంవత్సరములు ఇంటికి లాభము. అప్పుతో పాటే ఇంజనును తీరినచో మరల అప్పు. ఈ రెంటి నడుమ భేదము చాలవరకు కొలతపుల్ల చివర నున్నది. రానున్న దుక్కికి ముందే, ఈ ఆదివారమునాడు, ప్రతి ఇంటివారును పెట్టె అడుగున నున్న ఆ పుస్తకమును వెలుపలికి తీయుదురు గాక.